నూకల రుచి మరిగిన బూజు

మా ఇంట్లో బూజుతో ఏడాది పొడవునా యుద్ధమే. బందరు గాలిలో ఉప్పూ తేమా రెండూ ఎక్కువ. వానాకాలం వచ్చిందంటే మా అమ్మకు స్థిమితం ఉండేది కాదు. ఊరగాయ జాడీలకు కట్టిన గుడ్డలు విప్పి చూడడం, అప్పడాలు మళ్ళీ ఎండలో పెట్టడం, మంచం కింద తోలు చెప్పుల మీద లేచిన తెల్లటి పొరను చూసి ముక్కు మూసుకోవడం. అలాంటి ఇంట్లో పుట్టిన నేను, ముప్పై అయిదు దాటాక, బూజు పెంచడం మొదలుపెట్టాను. శాస్త్రీయంగా, అరల్లో వరసలు పేర్చి మరీ పెంచాను.

"బూజు పట్టించడానికి ఎమ్మెస్సీ చదవాలా అండీ? నాలుగు రోజులు నేను పుట్టింటికి వెళ్తే మన వంటింట్లో దానంతటదే పడుతుంది కదా" అంది నా భార్య.

నేను నవ్వలేదు. దేశానికి మేలు చేయబోయేవాడు ఇలాంటి మాటలకు నవ్వకూడదని అప్పట్లో నా అభిప్రాయం.

ఇది తొంభైల చివరి సంగతి. నేను బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ లెక్చరర్ని. మా తాత బడిపంతులు, మా నాన్న గుమాస్తా. మా వంశంలో చేలోకి దిగినవాడు లేడు. అయినా రైతుకు ఏం కావాలో మాకు ఎప్పుడూ తెలుసు. పురుగుమందులు పురుగుల మీద పనిచేయడం మానేసి మనుషుల మీద పనిచేస్తున్నాయని పేపర్లు రాస్తున్న రోజులవి. ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొద్దిరోజులు శిక్షణ ఇస్తారంటే వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు చొక్కా జేబులో ఒక గాజు గొట్టం, దాని అడుగున కాస్త తెల్లటి బూజు.

దాని పేరు బవేరియా. పురుగు ఒంటి మీద దాని పొడి పడితే చాలు. అక్కడే మొలిచి, చర్మం తొలుచుకుని లోపలికి వెళ్ళి, లోపలంతా తినేసి, చివరికి దూదిలా తెల్లగా బయటికి వస్తుంది. మనిషికి ఏమీ కాదు, గేదెకు ఏమీ కాదు. ఈ నాలుగు వాక్యాలూ నేను ఎన్ని ఊళ్ళల్లో చెప్పానో. ఇవాళ్టికీ అవన్నీ నిజమే. మొదట దాని పొడి బతికి ఉండాలి, దానికి చంపే ఓపిక ఉండాలి. ఆ రెండు ముక్కలు మాత్రం చెప్పేవాణ్ణి కాదు.

గుడివాడలో ఒక రైసుమిల్లు ఆసామి తన మిల్లులో ఖాళీగా పడున్న గది నాకిచ్చాడు. ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నాడు, అదీ పరిచయం. బూజుకు మేత నూకలు. మిల్లులో నూకలకు కొరత లేదు. నూకలు నానబెట్టి, ప్లాస్టిక్ కవర్లలో పోసి, మూతికి దూది బిగించి, పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, చల్లారాక గాజు గొట్టంలోని బూజును కొద్దికొద్దిగా వేసేవాళ్ళం. రెండు వారాలకు కవరులోని నూకలన్నీ ముద్దకట్టి తెల్లటి ఉన్ని కప్పుకున్నట్టు అయ్యేవి. దాన్ని ఆరబెట్టి, పొడిచేసి, జల్లించి, సుద్దపొడిలో కలిపి పొట్లాలు కట్టించేవాణ్ణి. సెలవు దొరికితే చాలు, గుడివాడ రైలెక్కేవాణ్ణి. ఇంట్లో అమ్మ ఒక మూల తుడుస్తుంటే నేను అక్కడ గదినిండా పూయించేవాణ్ణి.

శిక్షణలో ఒక మాట గట్టిగా చెప్పారు. ఈ బూజును ఎంతకాలమూ నూకల మీదే బతకనివ్వకూడదు. ఉడికించిన మేత నోటికందుతుంటే దానికి పురుగును తొలిచే అవసరం ఉండదు, తరాలు గడిచేకొద్దీ ఆ శక్తి పోతుంది. అందుకని అప్పుడప్పుడూ దాన్ని బతికున్న పురుగుల మీద వేసి, అవి చచ్చాక ఆ శవాల మీద మొలిచిన బూజును తీసుకుని, మళ్ళీ దానితో మొదలుపెట్టాలి. నేను బుద్ధిగా తలాడించాను.

మా ఇంట్లో బొద్దింక కనిపిస్తే చంపరు. కాయితం మీదికి ఎక్కించి వీధిలో వదిలేస్తారు. చీమల బారు కనిపిస్తే దారి మళ్ళిస్తారు. మా అమ్మ నేర్పిన ఈ మర్యాదలు నాకు చాలా గర్వకారణం. పురుగుల్ని చంపే పొడి తయారుచేస్తూ కూడా ఆ గర్వం నాలో చెక్కుచెదరలేదంటే నా మనసు ఎంత విశాలమో చూడండి.

మొదటిసారి పరీక్ష కోసం ఆముదపు ఆకుల మీద లద్దెపురుగుల్ని తెచ్చి పళ్ళెంలో పెట్టాను. వాటికి పొడి అంటించాలి. వారం పాటు మేపుతూ, ఒక్కొక్కటీ నెమ్మదించి, మేత మాని, బిగుసుకుపోవడం చూస్తూ కూర్చోవాలి. ఆకుపచ్చగా, నున్నగా, పసిపిల్లల వేళ్ళలా ఉన్నాయవి. ఒకటి తలెత్తి అటూ ఇటూ చూసింది. పళ్ళెం తీసుకెళ్ళి మిల్లు వెనక కాలవగట్టున ఉన్న ఆముదం మొక్కల మీద అన్నిటినీ జాగ్రత్తగా దించాను.

మిల్లు ఆసామి లుంగీ ఎగ్గట్టుకుని అక్కడే నిలబడి చూస్తున్నాడు.

"ఏంటండీ మేస్టారూ, మందు కంపెనీ పెట్టి పురుగుల్ని సాగనంపుతున్నారా? పసుపూ కుంకుమా పెట్టే పంపుతున్నారా?"

"ఇవి ఆరోగ్యంగా లేవండీ. పరీక్షకు పనికిరావు" అన్నాను.

"అవునవును. పాపం ఆరోగ్యం బాగోకే కరువులోంచి వచ్చినట్టు తిన్నాయి ఆకులన్నీ" అన్నాడు.

ఆ తరవాత మళ్ళీ పురుగును తేలేదు. నూకల మీది బూజుతోనే కొత్త నూకలకు బూజు పట్టించాను. దానితో మరో దఫా, దానితో ఇంకో దఫా. విచిత్రం ఏమిటంటే అది రోజురోజుకూ అందంగా తయారైంది. ముందు పలచగా, పొడిపొడిగా ఉండేది, ఇప్పుడు బాగా ఒత్తుగా, మల్లెపువ్వులా తెల్లగా, పరుపులోని దూదిలా లేచేది. అలా ఉబ్బడం మంచి లక్షణం కాదని నాకు తెలుసు. ఒళ్ళు పెరుగుతోంది, పొడి తగ్గుతోంది. ఆసామి మాత్రం మురిసిపోయాడు. "ఏం తెలుపండీ! మన సరుకు చూస్తే పురుగు సిగ్గుతోనే చచ్చేట్టుంది" అనేవాడు. నేనూ మురిశాను. చిలకలపూడి వాళ్ళతో నన్ను పోల్చుకుంటే వాళ్ళకు అవమానం. వాళ్ళు రోల్డుగోల్డు చేసి రోల్డుగోల్డు అనే అమ్ముతారు.

బందరు పక్కనే ఉన్న గూడూరులో ఒకసారి రైతుల మీటింగు పెట్టించాను. మైకు పట్టుకుని ఆ నాలుగు వాక్యాలూ చెప్పాను. వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"ఎన్నాళ్ళకి చస్తదండీ?"

"వారం, పది రోజులు పడుతుందండీ."

"ఈలోగా అదేం తింటదండీ?"

అందరూ నవ్వారు. "పౌడరు రాస్తే చస్తదా, రంగు తేల్తదా?" అని ఇంకెవరో అన్నారు. నాకు కోపం వచ్చింది. వీళ్ళకు సైన్సు అర్థం కాదని వచ్చేటప్పుడు బస్సులో అనుకున్నాను. అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉంటే ఆ పెద్దాయన అదే అడిగాడని ఆనాడు తోచలేదు.

కోడూరు దగ్గర నాకొక స్నేహితుడు ఉండేవాడు. డిగ్రీ ఇద్దరం బందరులోనే చదివాం. వాళ్ళది వేరే కులం, వేరే వంటిల్లు. అయినా మొదటి సంవత్సరం నుంచీ "బావా" అంటే "బావా" అనుకున్నాం. మా ఇంటికి వచ్చి మా అమ్మ చేతి పప్పు తిని, "మీ ఇంట్లో దోమ కూడా శాకాహారమేనా బావా? నన్ను ఒక్కటీ కుట్టలేదు" అనేవాడు. అమ్మకు వాడంటే ముద్దు. చదువయ్యాక వాడు ఊరెళ్ళి కొంత సొంత పొలం, కొంత కౌలు పొలం చేసుకుంటున్నాడు.

ఒక ఏడాది కోతల ముందు తుపాను వానలు పడి వాడి వరి అంతా నేలమీద పరుచుకుపోయింది. తడిలోనే కంకులకు మొలకలొచ్చాయి. ఇక మిగిలింది మినుము. మా వైపు వరి కోతకు ముందే, ఆ తడిలోనే మినుములు చల్లేస్తారు. దున్నేది లేదు, నీళ్ళు పెట్టేది లేదు, మంచుకే పెరుగుతుంది. ఆ ఏడాది వాడికి చేతికందే పంట ఏదైనా ఉంటే అది ఆ మినుమొక్కటే.

మొక్క జానెడు లేచాక లద్దెపురుగు పడింది. వాడు పొద్దున్నే బస్సెక్కి బందరు వచ్చాడు. అమ్మ కాఫీ ఇస్తే నిలబడే తాగాడు.

"పిల్ల పురుగులే బావా, ఇంకా ఆకు గీకుతున్నయ్ అంతే. పెద్దవైతే ఆపలేం. నీ పొడి ఇస్తావా?"

"మందు కొట్టవా?"

"పోయినేడు కొడతా కొడతా చేలోనే పడిపోయాను. మీ చెల్లెలు చూసి ఒకటే ఏడుపు. ఈసారి డబ్బా ముట్టుకుంటే పుట్టింటికి పోతానంటంది. పైగా మినపకట్టె గేదెలు తినాలి. అందుకే అడుగుతున్నా. చస్తయ్యా బావా? ఒక్కమాట చెప్పు."

ఆ ఒక్కమాట చెప్పడానికి నాకు కావలసింది గుప్పెడు పురుగులు, కొన్ని ఆముదపు ఆకులు, ఒక వారం. పురుగులు చిన్నవే, వారానికి పైరు పోయేది కాదు. చూసి చెప్తాను అనాలి. అలా అంటే వాడు నా వైపు చూసే చూపులో నమ్మకం కాస్త తగ్గుతుంది. పైగా పురుగులు చావడం చూడాలి.

"నా మాట మీద కొట్టు బావా" అన్నాను.

పొడి కొట్టే రోజు నేనూ వెళ్ళాను, ఇస్త్రీ ప్యాంటు మడిచి గట్టు మీద నిలబడడానికి. సాయంత్రం చల్లబడ్డాక కొట్టాలి, ఎండ తగిలితే బూజు చస్తుంది, మంచు పడితే మొలుస్తుంది. అన్నీ పద్ధతి ప్రకారం చేయించాను. పద్ధతిలో నన్ను మించినవాడు లేడు. వాడి పక్క చేను రైతు సైకిలు ఆపి చూశాడు.

"ఏంట్రా, పౌడరు కొడతన్నావ్? పురుగులకి పెళ్ళా?"

"పెళ్ళి కాదు మావయ్యా, దినం. వారంలో భోజనాలకి రా" అన్నాడు నా స్నేహితుడు.

"ఎవరి దినమో చూసి వస్తాలే" అని అతను వెళ్ళిపోయాడు.

నాలుగైదు రోజులకు కాలేజీ ఆఫీసుకు ఫోను వచ్చింది. "ఇంకా తింటన్నయ్ బావా" అన్నాడు.

"తింటాయి. కానీ లోపల జబ్బు మొదలై ఉంటుంది. ఓపిక పట్టాలి."

"జబ్బు చేసినోళ్ళు ఇంత ఆకలిగా తింటారా?"

"సైన్సు బావా ఇది" అన్నాను. "సరే, నువ్వు చెప్పినాక ఇంకేంటి" అని పెట్టేశాడు.

ఆ ఆదివారం వెళ్ళాను. బస్సు చల్లపల్లి, అవనిగడ్డ దాటి కోడూరు చేరేదాకా నేను కిటికీలోంచి మినప చేలు చూస్తూ కూర్చున్నాను. అన్నీ పచ్చగా ఉన్నాయి. వాడి చేను మాత్రం జల్లెడ పట్టినట్టుంది. ఇంకా పూర్తిగా పోలేదు, మొవ్వులు బాగానే ఉన్నాయి. ఆ రోజు మందు కొట్టినా సగం దక్కేది. అది నాకు గట్టు మీద నిలబడగానే తెలిసింది. పక్క చేను రైతు అప్పటికే మందు కొట్టించేశాడు.

నా స్నేహితుడు మురుగుకాలవ గట్టు వైపు నుంచి పరిగెత్తుకొచ్చాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, చిన్నపిల్లాడిలా పరిగెత్తాడు. అరచేతిలో చచ్చిన లద్దెపురుగు. కర్రలా బిగుసుకుపోయింది, ఒళ్ళంతా బూజు పట్టి ఉంది.

"బావా! ఇదేనా? ఇదేనా నీది? గట్టు మీద గడ్డిలో ఇంకో నాలుగైదు ఉన్నయ్."

దాన్ని తీసుకుని చూశాను. తెల్లటి బూజు మీద లేత ఆకుపచ్చ పొడి. నా బూజుకు ఆకుపచ్చ రాదు. అది పొలాల్లో దానంతటదే పుట్టే వేరే బూజు, ఎవరూ నూకలు వండిపెట్టకుండా, ఎవరూ పొట్లం కట్టకుండా, తన పని తను చేసుకుపోతున్న బూజు. అదీ అక్కడక్కడా నాలుగు పురుగులకే పట్టింది. చేనంతటికీ అది చాలదు. ఇదంతా నాకు ఒక్క చూపులో తెలిసింది. నా ఎమ్మెస్సీ మొదటిసారి పనికొచ్చిన క్షణం అది.

వాడు నా మొహంలోకే చూస్తున్నాడు.

"అవును బావా. ఇదే" అన్నాను.

వాడు దాన్ని మినపాకులో చుట్టుకుని టీ బంకు దాకా తీసుకెళ్ళి అందరికీ చూపించాడు. "ఇగో మావయ్యా, పెళ్ళికొడుకు. చూసుకో" అని పక్క చేను రైతుకు చూపించాడు. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "చచ్చింది చచ్చినట్టే ఉందిరా" అని ఒప్పుకున్నాడు. నాకు టీ ఇప్పించారు. తాగాను.

నేను చెప్పిన ఆ మాట మీద వాడు మరి కొన్నాళ్ళు ఆగాడు. పురుగులు పెద్దవయ్యాయి. మొవ్వులు తిన్నాయి, వచ్చిన పూతా తిన్నాయి. చివరికి చేలో కాడలు, ఈనెలు మిగిలాయి. పురుగు చావడం చూడలేని నా సున్నితమైన మనసు, చేను చావడాన్ని దూరం నుంచి బాగానే తట్టుకుంది. ఆ రోజుల్లో నేను కోడూరు వెళ్ళలేదు. కాలేజీలో పరీక్షల పని ఉందని ఇంట్లో చెప్పాను. పరీక్షల పని నిజంగానే ఉంది, నా అబద్ధాలకు ఎప్పుడూ అలాంటి ఆధారం ఒకటి దొరుకుతుంది.

చేను పోయిన సంగతి తెలిశాకే, ఎప్పుడో చేయాల్సిన పని చేశాను. మిల్లు వెనక ఆముదాల మీద నుంచి లద్దెపురుగుల్ని తెచ్చి, గదిలో జాలీ పెట్టెలో పెట్టి, మా పొడి తీసుకుని పిడికెడు పిడికెడు చల్లాను. ఈసారి ఒక్కటి చస్తే చాలని కోరుకుంటూ కూర్చున్నాను. అవి తెల్లగా పొడి పూసుకుని, శుభ్రంగా ఆకులు తిని, బలిసి, అడుగున పోసిన మట్టిలోకి దిగి గూళ్ళు కట్టుకున్నాయి. తరవాత ఒక రోజు తలుపు తీసేసరికి పెట్టెనిండా రెక్కల పురుగులు. మూత తీయగానే గదంతా ఎగిరాయి. నా మల్లెపువ్వు బూజు కవర్ల మీద వాలి కూర్చున్నాయి.

ఆసామి గుమ్మంలో నిలబడి వాటిని చూశాడు, నన్ను చూశాడు. "మన మందు వాడితే రెక్కలొస్తయ్యన్నమాట" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "బయట అనకండి మేస్టారూ. ఉన్న సరుకు అమ్ముడు పోనీండి" అన్నాడు. నేను గది తాళం ఆయన చేతికిచ్చి వచ్చేశాను. ఉన్న పొట్లాలు కాలవలో పారబోయించి రావలసింది. అదీ చేయలేదు. అవి ఎవరి చేలకు వెళ్ళాయో నాకు తెలియదు, తెలుసుకోలేదు కూడా.

మర్నాడే కోడూరు వెళ్ళాను. నా స్నేహితుడు చేలో మిగిలిన కాడలు గేదెలకు కోస్తున్నాడు. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టి గట్టెక్కాడు.

"ఏం బావా, చిక్కిపోయావ్? పురుగులు నిన్నూ తిన్నయ్యా ఏంటి?"

నేను మొత్తం చెప్పాను. నూకల సంగతి, పరీక్ష చేయకపోవడం, ఆముదం మొక్కల మీద పురుగుల్ని దించడం, రెక్కల పురుగులు. వాడు మధ్యలో నవ్వాడు కూడా. "మీ అమ్మగారి పెంపకం బావా. పురుగుల్ని వదిలేసి వచ్చావా, నువ్వు?" అన్నాడు. "పోనీలే. తెలిసి చేశావా ఏంటి? మందు కొట్టినోళ్ళకి మాత్రం అన్నిసార్లూ దక్కిందా?" అన్నాడు. అక్కడితో ఆపితే నేను ఆ సాయంత్రం బందరు బస్సులో క్షమాపణ దొరికిన మనిషిగా తిరిగొచ్చేవాణ్ణి. ఆగుదామనే అనిపించింది కూడా.

"ఆ రోజు నువ్వు తెచ్చిన పురుగు నాది కాదు. అది నాకు చూడగానే తెలుసు" అన్నాను.

వాడు నవ్వడం ఆపాడు. కాసేపు గట్టు మీద మట్టిపెళ్ళను కాలితో చిదుముతూ కూర్చున్నాడు.

"ఆ పురుగు దొరికిన గట్టు మీద నేను పొడి కొట్టనే లేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక గుర్తొచ్చింది నాకు" అన్నాడు.

"మరి మర్నాడన్నా మందు ఎందుకు కొట్టలేదు?"

వాడు తలెత్తి నా వైపు చూశాడు.

"మీరు అవునన్నారు కదండీ."

దాదాపు ఇరవై ఏళ్ళుగా నన్ను నువ్వు అన్న మనిషి. ఆ మాట కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లాడి తండ్రి మాట్లాడినట్టు అన్నాడు. తరవాత ఇంటికి తీసుకెళ్ళాడు. గుమ్మంలోంచే భార్యను కేకేసి, "మేస్టారుగారొచ్చారు, కుర్చీ వెయ్యి" అన్నాడు. అంతకుముందు ఆ ఇంట్లో ఎప్పుడూ నాకు కుర్చీ వేయలేదు, నులక మంచం మీద వాడి పక్కనే కూర్చునేవాణ్ణి. ఆమె కొంగుతో కుర్చీ తుడిచి వేసింది. కూర్చున్నాను.

ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, అవనిగడ్డ బస్టాండులో అప్పుడప్పుడూ కనిపిస్తాడు. చూడనట్టు తప్పుకోడు. దగ్గరికొచ్చి, "బాగున్నారా అండీ, అమ్మగారు బాగున్నారా" అని అడుగుతాడు. బాగున్నామండీ అంటాను.